ద్రాక్షారామం దీపాల్లో నెయ్యి పోసిందెవరు?

మొన్న శీతాకాలంలో మా బడి పదో తరగతి పిల్లల్ని ద్రాక్షారామం తీసుకువెళ్ళాను. మాది గోదావరి మెట్ట ప్రాంతపు బడి. విహారయాత్ర అంటే పిల్లలకు బస్సులో పాటలు, పులిహోర పొట్లాలు, గుడి ముందు కొట్లలో బొమ్మలూ గాజులూ. తెలుగు చెప్పే మాస్టారికి మాత్రం ద్రాక్షారామం అంటే శ్రీనాథుడు. ఇరవయ్యేళ్ళుగా పాఠంగా చెబుతున్న కావ్యస్థలాన్ని పిల్లలకు చూపించాలన్నది నా కోరిక.

ఆ రోజు ఒక పిల్లవాడు అడిగిన ప్రశ్నకు నా దగ్గర సమాధానం లేకపోయింది. దానికోసం వెతుక్కుంటూ పోతే మన అభ్యుదయ సాహిత్య విమర్శ ఏళ్ళ తరబడి చేస్తూ వస్తున్న ఒక పొరపాటు నాకు కనబడింది. ఆ పొరపాటులో నా వాటా తక్కువేమీ కాదు. అందుకే ఈ వ్యాసం.

*

ముందు కథలు చెప్పుకుందాం. గుడిలో మాకు అన్నీ తిప్పి చూపించిన పెద్దాయన చదువుకున్నవాడు కాకపోయినా మంచి కథకుడు. పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు.

దక్షుడు యజ్ఞం చేసిన చోటు కాబట్టి ఇది దక్షారామం. అదే ద్రాక్షారామమైంది. తారకాసురుడి మెడలో అమృతలింగం ఉండేది. అది ఉన్నంతకాలం వాడికి చావు లేదు. కుమారస్వామి దాన్ని ఛేదించగా అయిదు ముక్కలై అయిదు చోట్ల పడింది. అమరావతిలో అమరారామం, భీమవరం గునుపూడిలో సోమారామం, పాలకొల్లులో క్షీరారామం, సామర్లకోటలో కుమారారామం, అయిదోది ఇది. సప్తర్షులు గోదావరిని ఏడుపాయలుగా ఇక్కడికి తెచ్చి అభిషేకం చేద్దామనుకున్నారు. వాళ్ళు వచ్చేలోపే సూర్యుడు ప్రతిష్ఠ చేసేశాడు. దేవతలు ఒక్క రాత్రిలో గుడి కట్టారు. ప్రాకారం ఒకచోట పూర్తికాకముందే తెల్లవారిపోయింది. అది అలాగే మిగిలిపోయింది.

తర్వాత గర్భాలయం చుట్టూ ఉన్న చీకటి దారిలోకి తీసుకువెళ్ళాడు. ఇక్కడి లింగం రెండంతస్తుల ఎత్తు. కింది అంతస్తులో పాదం, పై అంతస్తులో అభిషేకం. కింద ప్రదక్షిణ చేసే దారిలో పట్టపగలే చీకటి. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని నడిచారు. గోడలో చిన్న చిన్న గుంటలు చూపించి పెద్దాయన చెప్పాడు. "పూర్వం ఈ గుంటల్లో నవరత్నాలుండేవి బాబూ. ఆ వెలుగులోనే ప్రదక్షిణం చేసేవారు. దీపం అక్కర్లేకపోయేది. పరాయి రాజులొచ్చి అన్నీ పెకలించుకుపోయారు."

పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. నేను కూడా విన్నాను.

కథలు వినగానే పెదవి విరిచే అలవాటు మనలో కొందరికుంది. పురాణం అబద్ధం కాబట్టి దాని గురించి మాట్లాడేదేమీ లేదనుకుంటారు. అది తొందరపాటు. పురాణం చెప్పే సంఘటన జరగకపోవచ్చు. ఆ కథను పుట్టించిన అవసరం, దాన్ని తరతరాలుగా చెప్పుకున్న మనుషులు, వాళ్ళ భయాలూ ఆశలూ మాత్రం నిజం. కోశాంబి పుణే చుట్టుపక్కల కొండలూ పల్లెలూ కాలినడకన తిరిగి, గ్రామదేవతల రాళ్ళనూ కథలనూ కలిపి చదివి 1962లో 'మిథ్ అండ్ రియాలిటీ' ప్రచురించారు. ఆయన కథలను వెక్కిరించలేదు. అలాగని వాటికి దణ్ణం కూడా పెట్టలేదు. సాక్షిని ప్రశ్నించినట్లు ప్రశ్నించారు.

ద్రాక్షారామం కథలను అలా ప్రశ్నిస్తే ఒక విషయం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. సాహిత్యంలో ఈ క్షేత్రంతో ముడిపడిన రెండు పెద్ద కథలూ ఆకలి కథలే.

మొదటిది వ్యాసుడి కథ. పదిహేనో శతాబ్దపు తొలినాళ్ళలో శ్రీనాథుడు బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చిన భీమేశ్వర పురాణంలో ఇది వస్తుంది. కాశీలో వ్యాసుడు శిష్యులతో భిక్షకు వెళతాడు. శివుడు ఆయన మనసును పరీక్షించదలచాడు. ఏ ఇంటి ముందు నిలబడ్డా పిడికెడు అన్నం పుట్టదు. మర్నాడూ అంతే. పద్దెనిమిది పురాణాలు రాసిన మహర్షి ఆకలికి తట్టుకోలేక ఆ నగరాన్నే శపించబోతాడు. మూడు తరాలదాకా వీళ్ళకు ధనమూ చదువూ మోక్షమూ లేకుండా పోవాలని నోరు తెరవబోతాడు. అప్పుడు పార్వతి ఒక గృహిణి రూపంలో వచ్చి చీవాట్లు పెట్టి, అందరికీ కడుపునిండా అన్నం పెడుతుంది. శివుడు మాత్రం క్షమించడు. కాశీ విడిచి పొమ్మంటాడు. అలా వెళ్ళగొట్టబడిన వ్యాసుడు అగస్త్యుణ్ణి కలుసుకుని, ఆయన మాటమీద దక్షారామం చేరతాడు. అంటే ఈ క్షేత్రం కావ్యంలోకి వచ్చిందే ఆకలిగొన్నవాడి ఆశ్రయంగా.

రెండోది వేములవాడ భీమకవి కథ. ఆయన కాలం గురించీ ఊరు గురించీ పండితులు ఏకాభిప్రాయానికి రాలేదు. కథ మాత్రం జనం నోళ్ళలో స్థిరంగా ఉంది. భీమేశ్వరుడి వరంవల్ల ఒక వితంతువుకు పుట్టిన బిడ్డ ఆయన. తోటి పిల్లలు తండ్రి ఎవరని గేలి చేస్తారు. తల్లిని నిలదీస్తే భీమేశ్వరుణ్ణి చూపిస్తుంది. గుడికిపోయి లింగాన్ని నిలదీస్తాడు. ఆడిన మాట జరిగేట్లు వరం పొందుతాడు. తరువాత ఒక ఇంట్లో బ్రాహ్మణ సంతర్పణ జరుగుతుంటే పుట్టుక సరికాదని ఆయన్ను పంక్తిలోకి రానివ్వరు. బయట నిలబెట్టిన కవి అన్నం సున్నం కావాలనీ, అప్పాలు కప్పలు కావాలనీ అంటాడు. అలాగే అవుతాయి. దిక్కుతోచక లోపలికి పిలుస్తారు.

ఒకరికి భిక్ష దొరకలేదు, ఒకరికి పంక్తిలో చోటు దొరకలేదు. ఈ రెండు కథలనూ మనం పాఠాల్లో ఏమని చెబుతాం? వ్యాసుడి కథను శ్రీనాథుడి పాత్రచిత్రణ అనీ, భీమకవి కథను శాపానుగ్రహ సమర్థత అనీ చెబుతాం. పరీక్షలో అయిదు మార్కుల ప్రశ్నకు అది చాలు. కాని చుట్టూ పచ్చని వరిచేలున్న గోదావరి గడ్డమీద, దేశంలోకెల్లా అన్నానికి లోటులేదనుకునే చోట, క్షేత్రం మహిమ చెప్పే కథల్లో ఆకలి ఎందుకు వచ్చి కూర్చుందన్న ప్రశ్న నేను ఏనాడూ తరగతిలో వేయలేదు. పండేచోట పంచుకోవటం దానంతట అదే జరగదని ఆ కథలు చెప్పుకున్నవాళ్ళకు తెలుసు.

*

ఇక చరిత్ర. దక్షయజ్ఞం మాట అటుంచి, ఈ గుడిని తూర్పు చాళుక్య రాజు చాళుక్య భీముడి కాలపు నిర్మాణంగా చరిత్రకారులు భావిస్తారు. ఆయన తొమ్మిదో శతాబ్దం చివర, పదో శతాబ్దం మొదట వేంగిని ఏలినవాడు. సామర్లకోట గుడి కూడా ఇదే పద్ధతిలో, రెండంతస్తులుగా ఉంటుంది. దేవుడి పేరులో రాజు పేరు కలిసివుండటం ఆ రోజుల్లో మామూలే. పేరులోని 'ఆరామం' అన్న మాటనుబట్టి, ఇవి మొదట బౌద్ధమో జైనమో అయిన స్థలాలు కావచ్చునని కొందరు ఊహించారు. అమరావతి పక్కనే గొప్ప స్తూపం ఉన్న మాట వాస్తవమే. మిగిలిన నాలుగు చోట్లా అది ఊహగానే ఉంది. పాత తెలుగులో ఈ ఊరికి దాకరేమి అన్న చక్కని పేరు కూడా ఉండేది. అటు దక్షుడికీ ఇటు ద్రాక్షకూ మధ్య ఆ తెలుగు మాట నలిగిపోయింది.

రాజరాజనరేంద్రుడు 1022 నుంచి 1061 వరకు రాజమహేంద్రవరంలో ఉన్నాడు. నన్నయ భారతం ఆయన కొలువులో పుట్టింది. ఆయన కొడుకే 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగ చోళుడయ్యాడు. అక్కడినుంచి ద్రాక్షారామం గోడలమీదా స్తంభాలమీదా శాసనాలు దట్టమయ్యాయి. చోళుల అధికారులు, కళింగ గాంగులు, కల్యాణి చాళుక్యుల దండనాయకులు, వెలనాటి ప్రభువులు, రెడ్డిరాజుల కాలందాకా ఎవరి బలం పెరిగితే వారి పేరు ఈ రాళ్ళమీదికెక్కింది. తెలుగు, సంస్కృతం, తమిళం మూడు భాషలూ కనిపిస్తాయి. అన్నీ కలిసి దాదాపు 400 శాసనాలు. దక్షిణ భారత శాసనాల నాలుగో సంపుటం 1923లో వెలువడింది. ఇక్కడి శాసనాల పాఠాలు అందులో ఉన్నాయి.

ఇక్కడొక విషయం సాహిత్య విద్యార్థులు గమనించాలి. నన్నయ తర్వాత తిక్కన వరకు దాదాపు రెండు శతాబ్దాల తెలుగును మనం నాలుగయిదు కావ్యాలతో గడిపేస్తాం. అదే కాలంలో ఈ ఒక్క గుడిలోనే వందలకొద్దీ రాళ్ళమీద తెలుగు వచనం నడిచింది. అలంకారం లేదు, వర్ణన లేదు. ఎవరు, ఎప్పుడు, దేనికి, ఎంత ఇచ్చారు, దాన్ని ఎవరు పుచ్చుకున్నారు, ఏమి చేయాలి. అంతే. జనజీవితాన్ని అంటిపెట్టుకున్న వచనం కావాలంటే మనం వెతకవలసింది అక్కడ.

*

మధ్యాహ్నం భోజనాలయ్యాక పిల్లల్ని ఒక స్తంభం దగ్గర కూర్చోబెట్టాను. ఎం.ఏ.లో శాసన పరిచయం ఒక పాఠ్యాంశంగా చదువుకున్న ధైర్యం తప్ప నాకు లిపిలో పెద్ద పాండిత్యం లేదు. ముద్రిత పాఠాలనుంచి నోటుబుక్కులో రాసుకెళ్ళిన విషయం సాయంతో చెప్పాను. పిల్లలు రాతిమీద వేళ్ళుపెట్టి కొన్ని అక్షరాలు పోల్చుకున్నారు. తొమ్మిది వందల ఏళ్ళనాటి తెలుగు తమ చేతికి తగిలినందుకు వాళ్ళకు కలిగిన సంతోషం నా పాఠంవల్ల ఏనాడూ కలగలేదు.

ఈ గుడి శాసనాల్లో చాలావాటిది ఒకే విషయం, అఖండదీపం. రేయింబవళ్ళు ఆరకుండా దేవుడి ముందు వెలగవలసిన దీపం. దాన్ని పెట్టించే పద్ధతి ఇది. దాత డబ్బుగానో, ఎక్కువగా పశువులుగానో ఇస్తాడు. మామూలు లెక్క ఒక దీపానికి 50 గొర్రెలు, లేదా 25 ఆవులు. ఆ మందను గుడి తన దొడ్లో కట్టుకోదు. ఒక బోయకు అప్పగిస్తుంది. బోయ అంటే ఆనాటి తీరాంధ్ర శాసనాల్లో పశువుల్ని కాసేవాడు. ఆ మందను పుచ్చుకున్న బోయ రోజుకు ఒక మానెడు నెయ్యి గుడికి పోయాలి. తాను పోయాలి, కొడుకు పోయాలి, మనుమడు పోయాలి. సూర్యచంద్రులున్నంతకాలం పోయాలి.

ఇంతవరకు చెప్పి, దాతల్లో రాజులేకాదు, మంత్రుల భార్యలు, వర్తకులు, గుడిసానులు కూడా ఉన్నారని చెప్పబోతుండగా వెనకనుంచి ఒకడు చెయ్యెత్తాడు. వాళ్ళ నాన్నకు గొర్రెల మంద ఉంది. కోతలయ్యాక మందతో డెల్టాకు దిగి, రైతుల చేలల్లో ఎరువుకోసం మంద కట్టి, తొలకరికి మళ్ళీ మెట్టకు పోతాడు. వాడు కూడా సెలవుల్లో మంద వెంట తిరిగినవాడే. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పడు.

"సారండీ, గొర్రెలు చచ్చిపోతేనండీ?"

నాకు అర్థం కాలేదు. "అదేమిట్రా?" అన్నాను.

"చిటుకు రోగం వచ్చిందంటే ఒక్క వానాకాలంలో సగం మంద పోద్దండీ. మా నాన్నకి అలాగే పోయాయండీ. మరి ఆ బోయాయనకి పోతే మళ్ళీ ఎవరిస్తారండీ? నెయ్యి పోయక్కర్లేదాండీ?"

మిగతా పిల్లలు నవ్వారు. నేను నవ్వలేదు. నా దగ్గర సమాధానం లేదు. శాసనాలగురించి నేను చదివింది భాషాశాస్త్రం కోసం. ప్రత్యయాలూ, అరసున్నలూ, శకటరేఫలూ చూసుకున్నాను. మందలో గొర్రె చస్తే ఏమవుతుందో ఆలోచించలేదు. "ఇంటికెళ్ళాక చూసి చెబుతానురా" అన్నాను.

చూశాను. సమాధానం ఒప్పందంలోనే ఉంది. తమిళదేశపు చోళ శాసనాల్లో ఇలాంటి దీపదానాలకు ఇచ్చే గొర్రెలకు ఒక విశేషణం వాడతారు. చావనివి, ముదియనివి అని. చావా మూవా గొర్రెలు. దాని అర్థం ఆ గొర్రెలకు ఏదో దైవశక్తి ఉందని కాదు. లెక్కలో వాటి సంఖ్య ఎప్పటికీ తగ్గదని. ముసలివైనవాటి స్థానంలో పిల్లలు పెరిగి మంద తనను తాను పూరించుకోవాలి. పూరించుకోకపోయినా, గుడి పుస్తకంలో అవి యాభయ్యే. రోగం వచ్చినా, కరువు వచ్చినా, వరద వచ్చినా మానెడు నెయ్యి మానెడే. తెలుగు శాసనాల్లో కొడుకులూ మనుమలూ నిత్యం పోయాలన్న షరతు చేసే పని కూడా ఇదే.

సోమవారం తరగతిలో వాడికి ఇది చెప్పాను. వాడు కాసేపు ఆలోచించి అన్నాడు. "గొర్రె చావదని రాసినాయన గొర్రెల్ని కాసుండడండీ."

*

నేను ఇరవయ్యేళ్ళ కిందట ఒక సాహిత్యసభలో, మధ్యయుగపు దేవాలయం భూస్వామ్య దోపిడీకి కేంద్రమని ఒకే వాక్యంలో తేల్చేశాను. చప్పట్లు కొట్టారు. ఆ వాక్యం పూర్తిగా తప్పని ఇవాళ కూడా అనను. కాని ఆ రోజు దానికి నా దగ్గర రుజువు లేదు. ఎవర్ని, ఎలా, ఎంత అని అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. రుజువులేని సత్యం నినాదంగా ఉపయోగపడుతుందిగాని, విమర్శకు చాలదు.

రుజువు చూశాక బొమ్మ కాస్త చిక్కగా మారుతుంది. మొట్టమొదట ఒప్పుకోవలసింది, ఆ బోయ ఒట్టి బాధితుడు కాడు. 50 గొర్రెల మంద చేతికి రావటం ఆ రోజుల్లో చిన్న ఆస్తి కాదు. మంచి ఏడాదిలో మానెడు నెయ్యి పోగా మిగిలిన పాడి, పెరిగిన పిల్లలు, ఉన్ని, ఎరువు వాడివే. గుడితో సంబంధం వాడికి ఊళ్ళో ఒక నిలకడ ఇచ్చివుండవచ్చు. అడవి అంచుల్లోనూ బీళ్ళలోనూ తిరిగే పశుపాలకులు వ్యవసాయ గ్రామాల లెక్కల్లోకి ఎలా వచ్చారో ఈ దీపదానాలు చూపిస్తాయి. ఆ రకంగా గుడి ఆనాటి బ్యాంకు. పశువుల రూపంలో మూలధనం పెట్టింది. నెయ్యి రూపంలో వడ్డీ తీసుకుంది.

కాని ఏ అప్పుకైనా ఒక గడువు ఉంటుంది. ఈ అప్పుకు గడువు సూర్యచంద్రులు. లాభం వచ్చే ఏడాది వాడిది, నష్టం వచ్చే ఏడాది కూడా వాడిదే. దాతకు పుణ్యం మొదటిరోజే జమ అయిపోయింది. దేవుడికి దీపం ప్రతిరోజూ అందుతుంది. మధ్యలో చచ్చే ప్రతి గొర్రెనూ మోసేవాడు బోయ ఒక్కడే. దోపిడీ అన్న మాటకు ఇదీ నిర్దిష్టరూపం. కొరడా లేదు, వెట్టి లేదు. చావని గొర్రె అనే ఒక లెక్క ఉంది.

వంశపారంపర్యం అన్న మాటను కూడా ఇక్కడే తరచి చూడాలి. గుడిలో అర్చకుడిది వంశపారంపర్యమే, బోయదీ వంశపారంపర్యమే. ఒకరికది హక్కు, ఒకరికది బాధ్యత. దేవాదాయ చట్టం 1987లో ఆంధ్రప్రదేశ్‌లో వంశపారంపర్య హక్కులను రద్దు చేసినప్పుడు పెద్ద చర్చ జరిగింది. కోర్టులకూ వెళ్ళారు, తర్వాత సవరణలూ వచ్చాయి. బోయ వంశపారంపర్యపు బరువు ఎప్పుడు, ఎలా దిగిపోయిందో మాత్రం ఎవరూ చర్చించలేదు. దానికి చట్టం కూడా అవసరం లేకపోయింది. ఏ కరువులోనో మంద పోయివుంటుంది, దీపం కొండెక్కివుంటుంది.

గుడిసానుల సంగతి కూడా ఇలాంటిదే. దేవదాసీ వ్యవస్థ గురించి మనం వీరేశలింగంగారి ఉద్యమం దగ్గర మొదలుపెట్టి, మద్రాసు రాష్ట్రంలో 1947లో వచ్చిన నిషేధ చట్టం దగ్గర ముగిస్తాం. అది అవసరమైన చట్టం. కాని శాసనాల్లో కనిపించే ఆడవాళ్ళు మనం ఊహించుకునే ఒకే మూసలో ఇమడరు. తమ పేరుతో, తమ సొత్తుతో దీపాలు పెట్టించినవాళ్ళు వాళ్ళలో ఉన్నారు. ఆస్తి ఉండి, పేరు ఉండి, రాతిమీద చోటు ఉన్న ఆడవాళ్ళు కొన్ని శతాబ్దాల్లో ఆ స్థితికి ఎలా దిగజారారన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు సంస్కరణోద్యమ చరిత్రలో మాత్రమే దొరకదు.

ఆ దీపపు వెలుగు చూడటానికి అందరినీ లోపలికి రానిచ్చారా అంటే, అదీ లేదు. దళితులు గుడి గడప దాటటానికి మద్రాసు రాష్ట్రంలో 1947లో ఆలయ ప్రవేశ చట్టం రావలసివచ్చింది. భీమకవిని పంక్తిలోకి రానివ్వని కథ చెప్పుకున్న జనం, ఆ కథ తమ కళ్ళెదుటే జరుగుతుంటే శతాబ్దాలపాటు చూస్తూ ఊరుకున్నారు. కథకు లోకాన్ని మార్చే శక్తి దానంతట అది రాదనటానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు.

*

ఇప్పుడు మళ్ళీ ఆ చీకటి దారికి వెళ్దాం. గోడ గుంటల్లో నవరత్నాలుండేవనీ, దీపం అక్కర్లేకపోయేదనీ పెద్దాయన చెప్పాడు. ఆయన అబద్ధం చెప్పలేదు. తాతలు చెప్పిందే చెప్పాడు. కాని అదే గుడి రాళ్ళు ఏమంటున్నాయి? ఇక్కడ రాత్రీపగలూ దీపాలు వెలిగాయనీ, ఒక్కొక్క దీపం వెనక యాభై గొర్రెలూ ఒక బోయా ఉన్నారనీ అంటున్నాయి. జనం జ్ఞాపకంలో నెయ్యి మాయమై రత్నాలు మిగిలాయి. గుడి కట్టిన కూలీలు మాయమై దేవతలు మిగిలారు. ఒక్క రాత్రిలో కట్టారన్న కథ అబద్ధమేగాని, దాని చివర ఒక నిజం తప్పించుకుని బయటపడింది. తెల్లవారేసరికి పని పూర్తి కాలేదు. పని మిగిలిపోవటం, గడువు ముంచుకురావటం దేవతల కష్టాలు కావు. అవి పనివాళ్ళ కష్టాలు.

అసలు విచారించవలసింది, జనం మరచిపోవటం కాదు. వాళ్ళకు ఆ రాళ్ళు చదివి చెప్పినవాళ్ళు లేరు. చదవగలిగిన మనం చదవలేదు. తాజ్‌మహల్ గురించి శ్రీశ్రీ వేసిన ప్రశ్న మనందరికీ కంఠస్థం. సభల్లో ఎన్నిసార్లు ఉటంకించామో లెక్కలేదు. ఆ ప్రశ్నను మనం జవాబులేని ప్రశ్నగా, కేవలం కవితావేశంగా మార్చేసుకున్నాం. ద్రాక్షారామంలో దీపం మట్టుకు ఆ ప్రశ్నకు జవాబు ఉంది. నెయ్యి పోసినవాడి పేరు రాతిమీద ఉంది. చాలా శాసనాల్లో మందను పుచ్చుకున్న బోయను పేరుపెట్టి చెప్పారు. గౌరవం కొద్దీ చెప్పలేదు. అప్పుపత్రంలో బాకీదారు పేరు ఉండాలి కాబట్టి చెప్పారు. ఏ కారణంవల్లనైతేనేం, రాజుల బిరుదుల కింద, నాలుగు పంక్తుల దిగువ, ఒక పశులకాపరి పేరు తొమ్మిది వందల ఏళ్ళుగా చెక్కుచెదరకుండా ఉంది. చరిత్రలో వాడికి పేరు లేదని మనం అన్నాం. మనం చూడలేదన్నది సరైన మాట.

దారి చూపినవారు మనకు లేకపోలేదు. సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో ఆంధ్రుల సాంఘిక చరిత్ర ప్రచురించినప్పుడు, శ్రీనాథుణ్ణి రసజ్ఞతకోసమే కాక, జనం ఏమి తిన్నారు, ఏమి కట్టుకున్నారు, ఏ ఆటలాడారు అని తెలుసుకోవటానికి చదివారు. 1955లో తెలుగుకు మొదటి సాహిత్య అకాడమీ బహుమతి ఆ పుస్తకానికే వచ్చింది. ఆ దారి వెంట తరువాత నడిచినవాళ్ళు తక్కువ. చరిత్రకారులు శాసనాల్ని కావ్యాలతో కలపలేదు. సాహిత్యంవాళ్ళం కావ్యాల్ని శాసనాలతో కలపలేదు. శ్రీనాథుడి పద్యం చేతిలో పట్టుకుని గుడికెళ్ళి, గోడ చూడకుండా తిరిగివచ్చాం. దీపంలో నెయ్యి లెక్క అడగటం కావ్యం పని కాదు. అది విమర్శకుడి పని.

ఇది పాత విషయాల మీద మోజుతో చెబుతున్నది కాదు. మా ప్రాంతంలో చిన్న చిన్న పాతగుళ్ళు ఎన్నో ఉన్నాయి. జీర్ణోద్ధరణ పేరుతో రాతి స్తంభాలకు రంగులు పూస్తున్నారు. అక్షరాల గాళ్ళలో సున్నం కూరుకుపోతున్నది. నేల పరిచే పలకరాళ్ళ కింద ఒక శాసనం పోతే, దానితోపాటు ఒక బోయ పేరు పోతుంది. భక్తులు చూసుకుంటారులే అని మనం, హేతువాదులకు ఎందుకులే అని వాళ్ళు అనుకుంటే మధ్యలో నష్టపోయేది ఆ పేరే. గుడి దేవుడిదైతే కావచ్చు. ఆ రాతిమీది తెలుగు మనది.

అందుకని యువ రచయితలకూ, ఎం.ఏ. చదివే విద్యార్థులకూ నా మనవి ఒక్కటే. మీ ఊరి దగ్గర పాతగుడికి వెళ్ళండి. కథ చెప్పే పెద్దమనిషి దగ్గర కూర్చుని కథంతా వినండి, మధ్యలో నవ్వకండి. తరువాత లేచి గోడ చూడండి. ముద్రిత పాఠం ఉంటే గ్రంథాలయంలో వెతికి దగ్గర పెట్టుకోండి. రాజు బిరుదుల దగ్గర ఆగిపోకుండా కిందికి చదవండి. పుచ్చుకున్నవాడు ఎవరో, రోజూ ఏమి చెల్లించాలో ఆ పంక్తుల్లోనే ఉంటుంది. వీలైతే వెంట మంద కాసిన పిల్లవాణ్ణి ఒకణ్ణి తీసుకువెళ్ళండి. ఏ ప్రశ్న అడగాలో మనకంటే వాడికి బాగా తెలుసు.